మిర్చిపొడిలో రంగు: పూచీ ఎవరిది?

ఎండుమిర్చి వర్తకంలో సరకు చేతులు మారి, రొక్కం ముట్టగానే లావాదేవీ ముగిసిందనుకోవటం పాత అలవాటు. గుంటూరు యార్డులో టిక్కీల తూకం అయ్యాక ఆ కాయ ఎటు పోతున్నదో కమిషన్ వ్యాపారికి పట్టదు. కల్లంలో తొడిమలు తీయించి మిల్లుకు పంపిన వర్తకునికి ఆ పొడి ఏ దేశంలో ఏ సీసాలో చేరిందో తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ చాలాకాలం రాలేదు. 2003–2005 మధ్య జరిగిన సుడాన్ రంగు వ్యవహారంతో ఆ నిశ్చింత పోయింది. ఇరవై ఏళ్లు దాటినా దాని ఖర్చు వర్తకులు ఇంకా భరిస్తూనే ఉన్నారు. భరిస్తున్నవారిలో అత్యధికులకు ఆనాటి తప్పుతో సంబంధం లేదు.

సుడాన్-1 అనేది నూనెలో కరిగే కృత్రిమ రంగు. మైనం, నూనెలు, బూటు పాలిష్ వగైరాలకు వాడతారు. ఆహార పదార్థాలలో ఇది మన దేశంలోనూ, ఐరోపాలోనూ నిషిద్ధం. మరి మిర్చిలోకి ఎందుకు వచ్చిందంటే, కారణం ధరల తేడాలోనే ఉన్నది. మిర్చికి సహజంగా ఉండే ఎరుపు వెలుతురుకు, వేడికి, తేమకు తగ్గుతూ పోతుంది. కాయను కోల్డ్ స్టోరేజీలలో పెట్టేది ఇందుకే. పొడి చేసిన తర్వాత ఇంకా త్వరగా వెలిసిపోతుంది. తాలుకాయ సంగతి చెప్పనక్కరలేదు; అది మొదటినుంచీ పాలిపోయే ఉంటుంది, మంచి కాయ ధరలో చాలా తక్కువకు పోతుంది. తాలు పొడికి కాస్త రంగు పట్టిస్తే కంటికి మేలురకం పొడిలా కనబడుతుంది. సుడాన్ రంగు పొడిలోని నూనెలో కలిసిపోతుంది, నీళ్లలో దిగదు. అరచేతిలో నలిపి చూసి రకం చెప్పగల అనుభవజ్ఞునికి కూడా అది సులభంగా దొరకదు. ప్రయోగశాలలో యంత్రం మాత్రం పది లక్షల భాగాలలో ఒక భాగం ఉన్నా చూపిస్తుంది.

2003 మే నెలలో భారతదేశం నుంచి వచ్చిన మిర్చి సరకులో ఈ రంగు ఉన్నట్లు ఫ్రాన్స్ కనుగొని మిగతా ఐరోపా దేశాలను హెచ్చరించింది. జూన్‌లో ఐరోపా సంఘం ఉత్తర్వు వచ్చింది: రంగు లేదని పరీక్షా పత్రం లేనిదే ఏ దేశపు మిర్చీ లోపలికి రారాదు. 2004 జనవరిలో ఈ ఆంక్షను సుడాన్ రంగులలో నాలుగింటికీ, 2005లో పసుపుకూ, పామాయిల్‌కూ విస్తరించారు. మన సుగంధద్రవ్యాల బోర్డు కూడా ఎగుమతి మిర్చికి పరీక్ష తప్పనిసరి చేసింది.

సాసు సీసాలో తేలిన నిజం

అసలు దెబ్బ 2005 ఫిబ్రవరిలో తగిలింది. బ్రిటన్‌లో తయారై ఇటలీకి వెళ్లిన వర్సెస్టర్ సాసును అక్కడ పరీక్షించగా సుడాన్-1 బయటపడింది. కూపీ లాగితే, 2003 ఉత్తర్వుకు ముందే 2002లో కొన్న భారతీయ మిర్చిపొడి దగ్గర తేలింది. సాసును జనం నేరుగా తినటం తక్కువ. దానిని ఇతర కంపెనీలు కొని పిజ్జాలలో, సూపులలో, మాంసపు వంటకాలలో, సలాడ్ మసాలాలలో కలుపుతాయి. అందువల్ల ఒక్క పొడి నుంచి ఒక్క సాసు, ఆ ఒక్క సాసు నుంచి 400కు పైగా సరకులను దుకాణాల నుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. నష్టం పది కోట్ల పౌండ్ల వరకు ఉండవచ్చునని అప్పట్లో అంచనాలు వెలువడినాయి. పొడిలో కలిపిన రంగు ఖరీదు ఎంత ఉంటుందో వర్తకులకు చెప్పనక్కరలేదు.

ప్రజారోగ్యానికి కలిగిన ముప్పు చాలా స్వల్పమని బ్రిటిష్ ఆహార ప్రమాణాల సంస్థే ఆనాడు ప్రకటించింది. దానిని పట్టుకుని "ఇంత గొడవ అవసరమా" అన్నవారు లేకపోలేదు. మిర్చి అని బిల్లు రాసి మిర్చి కానిది కలిపి ఇచ్చినప్పుడు, తిన్నవాడు బతికాడా లేదా అన్నది వర్తకుల మధ్య వాదన కాజాలదు. మచ్చుకు తగిన సరకు ఇవ్వకపోవటం ఏ మార్కెట్‌లోనైనా మచ్చు తప్పటమే.

ధరే సాక్ష్యం

ఆ పొడి సాసు కంపెనీకి నేరుగా చేరలేదు. మధ్యలో పలు సంస్థల చేతులు మారింది. ఇలాంటి గొలుసులో ప్రతివాని దగ్గరా ముందువాడు ఇచ్చిన హామీ కాగితం ఉంటుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉండి సరకు సక్రమంగా లేకపోవటం దూరదేశపు వర్తకంలో కొత్త కాదు. అయితే "మాకు తెలియదు" అన్న మాట ఎంతవరకు నిలుస్తుందన్నది వేరు సంగతి.

లెక్క కోసం, తొడిమ ఉన్న కాయ కిలో 150 రూపాయలనుకుందాం. 100 కిలోలకు 15,000. తొడిమ కింద 8 కిలోలు, దుమ్ము, తాలు, తేమ తరుగు కింద 4 కిలోలు పోతే మిగిలే పొడి 88 కిలోలు. అంటే సరకు పడుబడే కిలోకు 170 రూపాయలు. కూలి, మిల్లు, గోతం కలిపి మరో 10 వేసుకుంటే 180. అదే రోజున అదే రకం పేరుతో, ఎర్రగా నిగనిగలాడే పొడిని 140కి ఎవరైనా ఇవ్వజూపితే కొనేవానికి ప్రయోగశాల అక్కరలేదు. ఆ ధరే సాక్ష్యం. ఇది లండన్‌లో కొనేవారికీ వర్తిస్తుంది. ఏటేటా ధర తగ్గించమని ఒత్తిడి చేసి, తగ్గించి ఇచ్చినవాని దగ్గర హామీ పత్రం పుచ్చుకుని తృప్తిపడే పెద్ద కంపెనీ ఆ కల్తీలో తనకు భాగం లేదని చెప్పుకోవటం కష్టం. ఊరు చూడకుండా, కల్లం చూడకుండా ధర ఒక్కటే చూసి కొనటం వారు ఎంచుకున్న పద్ధతే.

నీళ్లు చల్లటం విషయంలో తప్పు ఇంత స్పష్టంగా కనబడదు. కాయ విరగకుండా ఉంటుందని, తూకానికి కొంత కలిసివస్తుందని చల్లే నీరు బూజుకు దారితీస్తుంది. ఆ బూజు నుంచి అఫ్లటాక్సిన్ విషం పుడుతుంది. ఐరోపాలో దీనికి పరిమితి వంద కోట్ల భాగాలలో 10. మన దేశంలో 30. అంటే 20 ఉన్న సరకు హాంబర్గ్ రేవులో తిరస్కృతమవుతుంది, ఇక్కడ చట్టరీత్యా అమ్ముకోవచ్చు. వెనక్కు వచ్చిన అటువంటి కంటెయినర్‌ను స్థానికంగా అమ్మితే చట్టం తప్పినట్లు కాకపోవచ్చు. కొనేవానికి ఆ సంగతి చెప్పి అమ్ముతున్నారా అన్నదే ప్రశ్న. చెప్పి అమ్మితే ఆ ధర రాదు కనుక జవాబు ఊహించుకోవచ్చు.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు కొన్ని భారతీయ మసాలాపొడులను ఎథిలిన్ ఆక్సైడ్ అవశేషాల కారణంగా నిలిపివేసినప్పుడు ఇదే చిక్కు మరో రూపంలో వచ్చింది. సూక్ష్మజీవులను చంపటానికి వాడే ఈ వాయువుకు ఆనాటికి అమెరికాలో మసాలాలకు పది లక్షల భాగాలలో 7 భాగాల వరకు అనుమతి ఉన్నది, ఐరోపాలో 0.1 మాత్రమే. ఆవిరితో శుద్ధి చేసే పద్ధతి ఉన్నది గాని ఖర్చు ఎక్కువ. ఒక గమ్యానికి సరిపోయిన సరకు మరొక గమ్యానికి పనికిరాదు కనుక, లాట్లు కలిపివేసే మిల్లరు ఎవరికీ నిజమైన హామీ ఇవ్వలేడు.

ఇవన్నీ పరీక్ష ఉన్న సరకు సంగతులు. సంతలో విడిగా అమ్మే పొడికి ఆ పాటి పరీక్ష కూడా అరుదు. ఐరోపాకు పంపలేని తాలు పొడి ఎక్కడకు పోతున్నదో మార్కెట్‌లో ఉన్నవారికి తెలియని విషయం కాదు.

ఈ గొలుసులో బ్రోకరు స్థానం విచిత్రమైనది. సరకు అతనిది కాదు, వచ్చేది స్వల్ప దళారీ. అయినా తక్కువ ధర మాట ముందుగా చెవిన పడేది అతనికే. లాట్‌కు నెంబరు వేయించి, మచ్చును మూడు పొట్లాలు కట్టి ముద్ర వేసి, అమ్మినవాని దగ్గర ఒకటి, కొన్నవాని దగ్గర ఒకటి, తన దగ్గర ఒకటి ఉంచటానికి అయ్యే ఖర్చు లేదనే చెప్పాలి. ఎంతకాలం ఉంచాలన్న దగ్గరే పొరపాటు జరుగుతున్నది. 2002లో కొన్న పొడి 2005లో బయటపడింది. సీజను ముగియగానే మచ్చు పారబోసినవారి దగ్గర అప్పటికి చూపటానికి ఏమీ మిగలదు.