పాత వ్యానులో రిలే: దోషము ఎక్కడ ఉన్నది?

రాత్రివేళ పాత వ్యానులో హెడ్‌లైట్ల స్విచ్చి వేసితిమి. ఎక్కడో 'టక్'మని చిన్న శబ్దము వినిపించినది; దీపములు మాత్రము వెలుగలేదు. "శబ్దము వచ్చినది గనుక రిలే బాగున్నది, బల్బులే మాడిపోయినవి" అని ఒకరందురు. "రిలే పోయినది, కొత్తది వేయుడు" అని మరియొకరందురు. రెండు బల్బులు ఒకేసారి మాడుట అరుదు. కొత్త రిలే వేసిన పిదప గూడ దీపములు వెలుగకపోవుట మాత్రము అరుదు కాదు. ఈ ఇద్దరును మరచిన విషయము ఒకటే. రిలే చూచుటకు ఒకే పెట్టె. కాని అందులో రెండు వేర్వేరు విద్యుద్వలయములున్నవి.

రిలే అను మాటకు పూర్వము అలసిన గుఱ్ఱమునకు బదులు మజిలీలో సిద్ధముగా ఉంచిన కొత్త గుఱ్ఱమని అర్థము. 1835 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఒక బలహీన ప్రవాహముతో విద్యుదయస్కాంతమును పనిచేయించి, దాని ద్వారా వేరొక బలమైన వలయమును మూయుటయు తెరచుటయు సాధ్యమని చూపెను. దూరము పోయి నీరసించిన టెలిగ్రాఫు సంకేతమునకు ఈ విధముగానే కొత్త బలము చేకూర్చిరి. మోటారు బండిలోని రిలే ఆ సంతతిలోనిదే.

1984లో మన దేశమున విడుదలయి, తరువాత ఓమ్ని అను పేర 2019 వరకు తయారైన మారుతి వ్యాను వంటి బండిని తీసికొందము. 55 వాట్ల బల్బులు రెండు వెలుగవలెనన్న, 12 వోల్టుల బ్యాటరీ నుండి సుమారు 9 ఆంపియర్ల ప్రవాహము కావలెను. ఇంత ప్రవాహమును స్టీరింగు వద్ద నున్న చిన్న స్విచ్చి గుండ పంపినచో అది త్వరలోనే కాలిపోవును. రిలేలోని తీగచుట్టకు అంత అక్కరలేదు. దాని నిరోధము 80 ఓములైనచో 0.15 ఆంపియరు చాలును. స్విచ్చి ఈ కొద్ది ప్రవాహమును మాత్రమే మోయును. చుట్ట అయస్కాంతమై ఇనుప పలకను లాగును. పలక కదలి రెండు లోహపు మొనలను కలుపును. రిలే అడుగున సాధారణముగా 85, 86 అని గుర్తులున్న కాళ్లు చుట్టవి. 30, 87 అనునవి మొనలవి. కొన్ని రిలేలలో ఈ అమరిక వేరుగా ఉండును గనుక, మరియొక రిలేతో మార్చి చూచుటకు ముందు పెట్టె మీద అచ్చువేసిన పటమును తప్పక చూడవలెను.

ఇప్పుడు 'టక్కు' అర్థమేమో తెలిసినది. చుట్టలో ప్రవాహము పారినది, పలక కదలినది. అంతే. మొనలు శుభ్రముగా కలిసినవో లేదో ఆ శబ్దము చెప్పదు. శబ్దమే రాకున్న చుట్ట వైపు, అనగా స్విచ్చి, దాని ఫ్యూజు, చుట్ట, చుట్టకు ఎర్తు, వెదకవలెను. శబ్దము వచ్చియు దీపము రాకున్న మొనల వైపు వెదకవలెను. సగము పని చెవితోనే తీరినది.

మిగిలిన సగములో మోసపోవుట సులభము. చాలమంది బల్బు ప్లగ్గును ఊడదీసి, అందులో మీటరు పెట్టి, 12 వోల్టులు చూపగానే "కరెంటు వచ్చుచున్నది" అని తృప్తిపడుదురు. డిజిటల్ మీటరు నిరోధము సాధారణముగా 1 కోటి ఓములు. దాని గుండ పారు ప్రవాహము లెక్కకు రానంత స్వల్పము. అందుచేత మొనల మధ్య మసి పట్టి 100 ఓముల నిరోధము ఏర్పడినను మీటరు 12 వోల్టులే చూపును. బల్బు మాత్రము ఎఱ్ఱబడనైన ఎఱ్ఱబడదు.

100 ఓములు ఎందుకు? మొనలలో 0.3 ఓము మాత్రమే చేరినదనుకొందము. రెండు బల్బుల నిరోధము కలిసి సుమారు 1.3 ఓము. మొత్తము 1.6 ఓము కాగా ప్రవాహము 7.5 ఆంపియర్లకు దిగును. 2 వోల్టులకు పైగా మొనల వద్దనే నష్టమగును. దీపపు వెలుగు ఇంచుమించు సగమగును. పోయిన శక్తి ఎక్కడికి పోయినది? దాదాపు 17 వాట్ల వేడియై ఆ చిన్న పెట్టెలోనే పుట్టినది. రేడియో బాగుచేయువారి చిన్న సోల్డరింగ్ ఐరన్ ఇంచుమించు ఇంత శక్తితోనే టంకమును కరగించును. రిలే అడుగున ప్లాస్టిక్కు గోధుమరంగునకు మారి మెత్తబడుటకు కారణమిదే.

కాబట్టి దీపముల స్విచ్చి వేసియుంచి, బల్బులను తగిలించియే కొలవవలెను. మీటరు కొనలను 30, 87 కాళ్ల తీగలకు తాకించిన, మొనలు మంచివైనచో ఇంచుమించు సున్న చూపును. అర వోల్టు చూపినను అనుమానింపవలెను. అట్లే బల్బు ఎర్తు తీగకును బ్యాటరీ ఋణ ధ్రువమునకును మధ్య కొలువవలెను. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండ్లకు, నా అభిప్రాయమున, ఈ రెండవ కొలతయే ముందు చేయదగినది. ఎర్తు బోల్టు క్రింద చేరిన తుప్పునకు కొత్త రిలే మందు కాదు.

"చల్లగా ఉన్నప్పుడు పనిచేయును, గంటసేపు నడిచిన పిదప మానివేయును" అను ఫిర్యాదు మరియొకటి. మారుతి వ్యానులో ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉన్నది. ఇంజను సమీపమున బిగించిన రిలేకు వేడి తప్పదు. రాగి నిరోధము ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగును. 20 డిగ్రీల వద్ద 80 ఓములున్న చుట్ట 80 డిగ్రీల వద్ద 99 ఓములగును. పలకను లాగుటకు 0.1 ఆంపియరు కావలెననుకొనిన, చల్లని రిలేకు 8 వోల్టులు చాలును. వేడెక్కిన దానికి 9.9 వోల్టులు కావలెను. బ్యాటరీ నీరసించి, తుప్పు మరికొంత మ్రింగినచో ఆ 9.9 అందదు. బండి చల్లారగానే రిలే తిరిగి పనిచేయును. మెకానిక్కునకు ఏ దోషమును కనబడదు.

ఇందుకు విరుద్ధమైన జబ్బు మొనలు అతుకుకొని పోవుట. స్విచ్చి తీసినను హారను మ్రోగుచునే యుండును, లేదా దీపములు వెలుగుచునే యుండును. చల్లని బల్బుతీగ నిరోధము వెలిగినప్పటి దానిలో పదవ వంతు మాత్రమే గనుక, స్విచ్చి వేసిన క్షణమున ప్రవాహము అనేక రెట్లుండి మొనలను కరగించును. రిలేను స్క్రూడ్రైవరు పిడితో తట్టిన అవి విడివడవచ్చును. దానివలన రోగము తెలిసినదేగాని కుదరలేదు. ఆ రిలేను తీసివేయవలసినదే.

దారిలో కొందరు 30, 87లను తీగముక్కతో కలిపి బండిని ఇల్లు చేర్చెదరు. ఫ్యూజు ఆ దారిలోనే ఉన్నంతవరకు దీపముల విషయమున ఇది కొంత సహింపదగినదే. ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టుట మాత్రము కూడదు. ఎక్కడైన తీగ బాడీకి తగిలినచో వందలకొలది ఆంపియర్లు పారి తీగ తొడుగు అంటుకొనును. వ్యానులో పెట్రోలు పైపులు అంతదూరమున లేవు.

ఉపాధ్యాయులు పాత రిలే నొకదానిని మార్చదగిన వోల్టేజి సరఫరాకు కలిపి తరగతిలో చూపవచ్చును. వోల్టేజిని మెల్లగా పెంచుచు పలక అతుకుకొను విలువను, తగ్గించుచు విడివడు విలువను వ్రాసికొనవలెను. రెండవది మొదటి దానికంటె చాల తక్కువగా ఉండును. ఏలయన పలక దగ్గరయైన పిదప గాలిసందు తగ్గి ఆకర్షణ పెరుగును. ప్రవాహమును తెంచునపుడు చుట్ట కొనలను చేతితో తాకరాదు, క్షణకాలము వంద వోల్టులకు మించిన ఒత్తిడి పుట్టవచ్చును. దీనిని అణచుటకే కొన్ని రిలేలలో డయోడు అమర్చెదరు. అట్టి వాటికి ధన ఋణ ధ్రువములను తారుమారు చేయరాదు. తరువాత రిలేను ప్లాస్టిక్కు సంచిలో మూసి, వేడినీటి గిన్నెలో కొంతసేపు తడవకుండ ఉంచి, మరల కొలువవలెను. అతుకుకొను వోల్టేజి ఎన్నింతలు పెరిగినదో చూచి, రాగి గుణకముతో చుట్ట ఎన్ని డిగ్రీలు వేడెక్కినదో విద్యార్థులే లెక్కకట్టగలరు.