మస్కీ పంటికి నిలిచే ముడి

ఉత్తర అమెరికా మంచినీళ్లలో బతికే మస్కెలంజ్‌ను అక్కడి గాలం వేటగాళ్లు మస్కీ అంటారు. పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద చేప ఇదే. విస్కాన్సిన్ 1955లో దీన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. 1949లో ఆ రాష్ట్రంలోనే హేవర్డ్ పట్టణం దగ్గర కాల్ జాన్సన్ పట్టిన మస్కీ 67 పౌండ్ల 8 ఔన్సులు తూగింది. అంటే ముప్పై కిలోల పైమాటే. మన కొర్రమీనులాగే ఇదీ నీటి మొక్కల మాటున కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాని మీద ఒక్క ఉదుటున పడుతుంది. పదివేల సార్లు విసిరితే గానీ గాలానికి పడదని దానికి పేరు. అంత అరుదైన చేప చేతికందేదీ లేనిదీ చాలావరకు రెండు దారాలు కలిసే అంగుళం మేర ముడే తేలుస్తుంది.

రీల్‌కు చుట్టే దారం ఈ రోజుల్లో ఎక్కువగా బ్రెయిడ్. ఎంతో పొడవైన అణువులున్న ప్రత్యేక రకం పాలిథిలీన్‌ను సన్నని పోగులుగా తీసి, వాటిని కలిపి అల్లుతారు. 80 పౌండ్ల లాగుడును తట్టుకునే బ్రెయిడ్ అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అది దాదాపు సాగదు. అందుకే దూరాన ఎరను చేప తాకినా చేతికి తెలిసిపోతుంది. ఎముకలాంటి గట్టి దవడలోకి పెద్ద గాలం దిగాలన్నా దారం సాగకూడదు. కానీ లాగుడుకు ఇంతగా నిలిచే బ్రెయిడ్ పంటి అంచు తగిలితే ఇట్టే తెగిపోతుంది. మస్కీ నోట్లో పళ్లకు కొదవ లేదు.

అందుకే ఎరకూ బ్రెయిడ్‌కూ మధ్య కొంత మేర వేరే దారం పెడతారు. దాని పేరు లీడర్. ఒకప్పుడు అది ఉక్కు తీగే. ఇప్పుడు చాలామంది ఫ్లోరోకార్బన్ వాడుతున్నారు. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో చేపల వేటకు తెచ్చిన దారమిది. నీటి వక్రీభవన గుణకం 1.33, దీనిది 1.42, నైలాన్‌ది 1.5కు పైన. నీటి గుణకానికి దగ్గరగా ఉంది కాబట్టి ఈ దారం నీళ్లలో కనిపించదని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. మిల్లీమీటరుకు దగ్గర మందమున్న మస్కీ లీడర్ విషయంలో ఆ లాభం కొంతే అని నా అభిప్రాయం. దాని అసలు గుణం గట్టితనం. పన్ను గీరినా పైపొర త్వరగా చీలదు, ఉక్కు తీగలా మెలిపడి పాడవదు.

మామూలుగా లీడర్ పై కొసన స్వివెల్ అనే తిరుగుడు బిళ్ల పెట్టి, దానికి బ్రెయిడ్ కడతారు. తేలికైన పద్ధతే గానీ ఆ బిళ్ల రాడ్ మీది రింగుల్లో దూరదు. మస్కీ ఎర వెంటే పడవ దాకా వచ్చి, కొరకకుండా ఆగి చూస్తుంది. అప్పుడు వేటగాడు రాడ్ కొసను నీళ్లలో ముంచి, ఎరను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతాడు. దానికి ఎర రాడ్ కొసకు బాగా దగ్గరగా ఉండాలి. స్వివెల్ అడ్డుంటే లీడర్ పొట్టిగానే ఉంచుకోక తప్పదు. ఫ్లోరోకార్బన్‌ను నేరుగా బ్రెయిడ్‌కు కడితే మూడు నాలుగడుగుల లీడర్ పెట్టుకున్నా ముడి రింగుల్లోంచి జారి లోపలికి వస్తుంది. దీని మేలు చేపకూ ఉంది. గాలానికి పడ్డ మస్కీ గింగిరాలు తిరుగుతూ దారాన్ని ఒంటికి చుట్టుకుంటుంది. అప్పుడు సన్నని బ్రెయిడ్ దాని చర్మాన్ని కోసేస్తుంది. పొడవైన, మందమైన లీడర్ ఉంటే ఆ గాయం చాలావరకు తప్పుతుంది.

చిక్కల్లా ఈ రెండింటి స్వభావంలో ఉంది. ఒకటి సన్నగా, నున్నగా జారిపోయేది. రెండోది మందంగా, వంగనని మొండికేసేది. ఆల్బర్టో ముడి లాంటివాటిలో లీడర్‌ను మడిచి, ఆ మడత చుట్టూ బ్రెయిడ్ తిప్పుతారు. సన్నని లీడర్లకు అది చక్కగా పనికొస్తుంది. వంద పౌండ్లు దాటిన లీడర్‌ను మడిస్తే మాత్రం ముడి బొడిపెలా తయారై, విసిరినప్పుడల్లా రింగులకు కొట్టుకుంటుంది.

ఎఫ్‌జీ ముడి ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఎంతో ఇష్టం. అందులో లీడర్‌కు ముడే వెయ్యరు. అది తిన్నగా ఉంటుంది. బ్రెయిడే దాని చుట్టూ ఒకసారి ఇటు, ఒకసారి అటు అల్లుకుంటుంది. గుంజకు చుట్టిన పలుపు పశువు లాగేకొద్దీ బిగిసినట్టు, చేప లాగేకొద్దీ ఆ అల్లిక లీడర్‌ను మరింత బిగపడుతుంది. చుట్లు పెరిగేకొద్దీ తాడు పట్టు కూడికల్లో కాకుండా గుణకాల్లో పెరుగుతుందని గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దంలోనే చూపించాడు. బ్రెయిడ్ నున్నటిది, ఒక్కో చుట్టుకు దొరికే పట్టు తక్కువ. అందుకే ఇరవై దాకా చుట్లు వేస్తారు. పదునైన వంపులు లేవు కాబట్టి దారం బలం దాదాపు అంతా నిలుస్తుంది.

కట్టేటప్పుడు బ్రెయిడ్ మొదటినుంచీ చివరిదాకా బిగువుగా ఉండాలి. వదులైతే చుట్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. చుట్లు పూర్తయ్యాక లీడర్‌నూ బ్రెయిడ్‌నూ కలిపి రెండు మూడు అరముడులు వేసి, తడిపి, చేతికి గ్లవ్స్ తొడుక్కుని బలమంతా పెట్టి లాగాలి. అల్లిక కుంచించుకుని రంగు ముదురుతుంది. ముడి బిగిసిందనడానికి గుర్తు అదే. రంగు మారకపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తరవాత లీడర్ కొసను అల్లిక అంచుకు కోసేసి, ఒక్క బ్రెయిడ్ మీదే ఇంకొన్ని అరముడులు వేస్తారు. ఎర వైపు కొసన, ఇంత మందమైన దారానికి ముడి సరిగ్గా కూర్చోదు కాబట్టి, లోహపు గొట్టం తొడిగి ప్లయర్లతో నొక్కడం మేలు. దారం మెలిపడకుండా స్వివెల్, ఎర మార్చుకోవడానికి స్నాప్ అక్కడే ఉంటాయి.

మందం విషయంలో రాజీ పడకూడదు. వంద పౌండ్లకు తక్కువైన ఫ్లోరోకార్బన్‌తో మస్కీ వేటకు వెళ్లడం నాకు సమ్మతం కాదు. 130 పౌండ్లది ఇంకా మంచిది. లీడర్ తెగితే చేప మూడు మొనల గాలాలను గొంతులో మోసుకుంటూ పోతుంది. 1966లో మొదలైన మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ సంఘం పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదలడాన్ని ఊరూరా ప్రచారం చేసింది. మిన్నెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోవడమే నేరం. వదిలేయాల్సిన చేపకు ఇనుము మింగించి పంపడం కంటే అన్యాయం ఏముంటుంది? చిన్న ఎరకు లీడర్ సన్నగానే ఉండాలనుకుంటే ఫ్లోరోకార్బన్‌ను పక్కనపెట్టి ఉక్కు తీగనో టైటానియం తీగనో వాడాలి.

ప్రతి చేప తరవాతా లీడర్‌ను పైనుంచి కిందిదాకా వేళ్లతో తడిమి చూడాలి. గోటికి గాటు తగిలితే ఆ లీడర్‌ను మార్చేయాలి. అల్లిక మీద బ్రెయిడ్ పోగులు లేస్తుంటే, ముడి ఇంకా పట్టే ఉన్నా కోసేసి పడవలోనే కొత్తది కట్టుకోవాలి.