టోపీకి మొలిచిన రెక్కలు

హైదరాబాద్ తార్నాక చౌరస్తాలో ఎర్ర లైటు పడి బండ్లు ఆగినప్పుడు చూడాలి, ఎటు తిరిగినా రెక్కలే. హోండా స్కూటర్ల మీద రెక్క. డ్యూటీ దిగి హబ్సిగూడ వైపు పోతున్న డాక్టరుగారి కారు అద్దం మీద రెండు పాములు పెనవేసుకున్న కర్ర, ఆ కర్ర కొసన రెండు రెక్కలు. పార్సిల్ సంచీ వీపున వేసుకుని యూనివర్సిటీ హాస్టళ్లకు బయల్దేరిన కుర్రాడి హెల్మెట్‌కు అటూ ఇటూ రెక్కల స్టిక్కర్లు. ఈ బండ్లలో ఏదీ ఎగరదు. ఎగురుతుందని ఎవరూ అనుకోరు కూడా. అయినా ఆ బొమ్మ కంటపడగానే వేగం స్ఫురిస్తుంది.

హోండా రెక్కకు గ్రీకుల విజయదేవత నైకీ విగ్రహం ప్రేరణ అని చెబుతారు. డాక్టరుగారి కర్ర మీది రెక్కలది, హెల్మెట్ మీది రెక్కలది మరో వంశం. వాటి పుట్టుక వెతుక్కుంటూ వెనక్కి పోతే రెండున్నర వేల ఏళ్ల నాటి గ్రీసులో ఒక బాటసారి టోపీ దగ్గర తేలతాం.

దాని పేరు పెటసోస్. తలకు సరిపడా గుండ్రటి బొప్పె, చుట్టూ వెడల్పాటి అంచు, గడ్డం కింద ముడివేసుకునే తాడు. నిర్మాణం అంతే. కానీ ఆలోచించి చేసిన వస్తువు. ఎండలో అంచు కళ్లకు నీడ పడుతుంది. వానలో మెడ మీదికి నీళ్లు జారనివ్వదు. గాలి లేస్తే తాడు పట్టి ఉంచుతుంది. నీడకు చేరాక వెనక్కి నెట్టేస్తే తాడుతో సహా వీపు మీద వేలాడుతుంది, చేతులు ఖాళీ. థెస్సలీ ప్రాంతపు టోపీగా దానికి పేరు. రైతులు, వేటగాళ్లు, గుర్రపు రౌతులు పెట్టుకునేవారు. ఏథెన్స్‌లో 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లకు సైనిక శిక్షణ ఉండేది. పొట్టి అంగవస్త్రం, ఈ టోపీ వాళ్ల వేషం. ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర కనిపించే కేడెట్ల వయసే వాళ్లది. పార్థెనాన్ ఆలయపు గోడల మీద చెక్కిన గుర్రపు రౌతుల్లోనూ కొందరి తలల మీద ఇదే టోపీ ఉంది.

పెటసోస్‌ను గడ్డితో అల్లేవారు, లేదంటే ఉన్నిని ఫెల్ట్‌గా మార్చి చేసేవారు. ఈ ఫెల్ట్ సంగతి కాస్త ఆగి చెప్పుకోదగ్గది. దానికి రాట్నం అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు. గొర్రె వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెడితే ఒంటి నిండా సన్నటి పొలుసులు కనిపిస్తాయి. అవన్నీ కొసవైపుకే వాలి ఉంటాయి. ఉన్నిని వేడినీళ్లతో తడిపి రుద్దినా తొక్కినా ప్రతి వెంట్రుకా తన కుదురు వైపుకే జరుగుతుంది. వెనక్కి రాబోతే పొలుసులు అడ్డం తిరుగుతాయి. నూనె ఎరగని జుట్టు చిక్కుపడ్డట్టు అంతా పెనవేసుకుపోయి దళసరి దుప్పటిలా గట్టిపడుతుంది. దాన్ని అచ్చు మీద సాగదీస్తే టోపీ. తెలంగాణ గొంగడిది మరో పద్ధతి. దక్కనీ గొర్రె ఉన్నిని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. దారి వేరైనా ప్రయోజనం ఒకటే. కురుమ కాపరి వానలో గొంగడిని మడిచి తల మీదుగా కప్పుకున్నప్పుడు అది చేసే పని పెటసోస్ చేసిన పనే.

ఇంత సాదాసీదా టోపీ దేవుడి తల మీదికి ఎలా ఎక్కింది?

దారులకు, సరిహద్దులకు, వ్యాపారులకు, దూతలకు గ్రీకుల అధిదేవత హెర్మీస్. దారి నడిచే దేవుడికి దారి నడిచే మనిషి టోపీయే పెట్టారు. మొదట్లో దానికి రెక్కల్లేవు. హోమర్ కావ్యాల్లో హెర్మీస్ ప్రయాణం కట్టినప్పుడు కాళ్లకు బంగారు చెప్పులు తొడుక్కుంటాడు, కర్ర అందుకుంటాడు. టోపీ రెక్కల ఊసే లేదు. అయినోస్ నగరం వేసిన వెండి నాణేల మీద కూడా హెర్మీస్‌ది మామూలు టోపీయే. కుండల మీద బొమ్మలు గీసే చిత్రకారులు చెప్పులకు రెక్కలు తగిలించారు. టోపీకి అవి ఆ తర్వాత మొలిచాయి.

నాణెం సైజు తలుచుకుంటే టోపీ రెక్కలు అంతగా ఎందుకు పాతుకుపోయాయో తెలుస్తుంది. బొటనవేలి గోరంత చోట ముఖం తప్ప ఇంకేమీ పట్టదు. కాళ్లే లేనప్పుడు చెప్పుల రెక్కలు చూపించేదెలా? రోమన్లు హెర్మీస్‌ను మెర్క్యురీ పేరుతో తమవాడిని చేసుకున్నాక వేసిన సెక్స్‌టన్స్ అనే నాణేన్ని తీసుకోండి. ఒక వైపు మెర్క్యురీ తల, టోపీ, టోపీకి రెక్క. రెండో వైపు ఓడ ముక్కు. విలువ తెలపడానికి రెండు చుక్కలు. అక్షరం ముక్క రాని బజారు మనిషి కూడా ఆ రెక్క చూసి దేవుణ్ని గుర్తుపడతాడు. క్రీ.పూ. 82లో మామిలియస్ అనే అధికారి వేయించిన వెండి దెనారియస్ మీదా మెర్క్యురీ రెక్కల టోపీతోనే ఉన్నాడు.

మామూలు పెటసోస్ కూడా రోమ్‌లో పలుకుబడి పోగొట్టుకోలేదు. ఆగస్టస్ చక్రవర్తి చలికాలపు ఎండకు కూడా ఓర్వలేక ఇంటి ఆవరణలో సైతం అది లేకుండా తిరిగేవాడు కాదని ఆయన జీవితచరిత్ర రాసిన సూటోనియస్ చెబుతాడు. ఆ ఆగస్టస్ వేయించిన బంగారు నాణెం ఒకటి హైదరాబాద్‌కు ఎంతో దూరం లేని సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, 1940ల తొలినాళ్లలో నిజాం పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో దొరికింది. శాతవాహనుల కాలంలో రోమ్ సొమ్ము ఇక్కడి బజారుదాకా నడిచొచ్చిందనడానికి అది సాక్ష్యం.

సొమ్ముతోపాటు దేవుళ్లూ వచ్చారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి స్తంభం మీద కొమ్ముపాత్ర పట్టుకున్న గడ్డపు మనిషిని పండితులు గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌గా గుర్తించారు. రెక్కల టోపీ మాత్రం మన శిల్పుల చేతికి అలవాటు కాలేదు. వాళ్లకు దాని అవసరమూ లేదు. అమరావతి పలకల మీద గాలిలో తేలే దేవతలను చూడండి. మోకాళ్లు వెనక్కి మడిచి ఉంటాయి, ఉత్తరీయం వెనక్కి ఎగురుతుంటుంది, ఒళ్లు ముందుకు వాలి ఉంటుంది. ఒక్క ఈక లేకుండా ఎగరడం కనిపిస్తుంది. మన దూత హనుమంతుడు సముద్రం దాటింది కూడా రెక్కల్లేకుండానే. ఆటో వెనక సంజీవని కొండతో ఎగిరే ఆ బొమ్మలో ముందుకు చాచిన చెయ్యి, వెనక్కి సాగిన కాలు, పైకి లేచిన తోక, ఇవి చాలు. ఒకే చిక్కుముడిని గ్రీకులు వస్తువుతో విప్పారు, మనవాళ్లు శరీర భంగిమతో విప్పారు. రెండింటిలో రెండోదే కష్టమైన విద్య.

సరే, రెక్కల టోపీ నిజంగా ఎగిరిస్తుందా? లెక్క కట్టవచ్చు. విగ్రహాల్లో కనిపించే టోపీ రెక్క మహా అయితే 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. రెండు కలిపి 400 చదరపు సెంటీమీటర్లు. గాలి పైకెత్తే బలం రెక్క వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 కిలోల మనిషిని అంత చిన్న రెక్కలు మోయాలంటే అతను గంటకు 600 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉండాలి. పైగా ఒంటి బరువంతా గడ్డం కింది తాడుకు వేలాడుతుంది. మెడ గతి చెప్పనక్కర్లేదు. ఇక రెక్క ఆడించే కండరాలేవి? పావురం బరువులో దాదాపు నాలుగో వంతు ఎగిరే కండరాలదే. టోపీకి కండరాలు లేవు.

ఉస్మానియా క్యాంపస్‌లో తెల్లవారుజామున తిరిగేవాళ్లకు నెమళ్లు పరిచయమే. మగ నెమలి 4 నుంచి 6 కిలోలు ఉంటుంది. రెక్కలు విప్పితే ఒకటిన్నర మీటర్ల దాకా వస్తాయి. అంత పెట్టుబడి పెట్టి కూడా అది ఎగిరేది కాసేపే. టపటపమంటూ చెట్టెక్కడం, గోడ దాటడం, అంతవరకే. మనిషంత బరువుండి ఎగిరిన పక్షి కావాలంటే 60 లక్షల ఏళ్ల కిందటి అర్జెంటీనాకు పోవాలి. అక్కడ దొరికిన ఆర్జెంటావిస్ శిలాజాలను బట్టి దాని బరువు సుమారు 70 కిలోలని, రెక్కల చాపు 6 నుంచి 7 మీటర్లని అంచనా. అంత రెక్క టోపీకి కుడితే ఆ దేవుడు ఏ గుమ్మంలోంచీ లోపలికి రాలేడు.

గ్రీకు చిత్రకారులకు ఈ లెక్కలు తెలియవు గానీ పక్షులు తెలుసు. చెవుల మీద రెండు ఈకల గుత్తులతో మనిషి లేవడని వాళ్లకు తెలుసు. వాళ్లు గీసింది ఎగిరే యంత్రాన్ని కాదు, చూపరికి క్షణంలో అందే గుర్తును. యంత్రంగా పనికిరాని ఆ ఊహ గుర్తుగా మాత్రం ఇప్పటికీ అరిగిపోలేదు.

దాన్ని మళ్లీ లోకానికి ఎత్తి చూపినవాడు శిల్పి జంబోలోన్యా. 1580 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో ఆయన పోతపోసిన కంచు మెర్క్యురీ ఇప్పుడు బార్జెల్లో మ్యూజియంలో ఉంది. ఎడమ కాలి మునివేళ్ల మీద నిలబడిన యువకుడు. ఆ వేళ్ల కింద నేల కూడా లేదు, గాలిదేవుడి నోట్లోంచి వస్తున్న ఊపిరి ఉంది. ఒక చెయ్యి పైకి లేచి ఆకాశాన్ని చూపిస్తుంది, వెనక కాలు గాల్లో ఉంది. ఒంటి బరువు మొత్తం ఆ మునివేళ్ల మీదుగా సరిగ్గా నిట్టనిలువునా దిగేలా తూచాడు శిల్పి. పాలరాతితో ఇలా చేస్తే చీలమండ దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకే రాతి విగ్రహాల కాళ్ల పక్కన చెట్టు మొద్దులు ఆసరాగా పెడతారు. కంచు వంగే ఒత్తిడిని తట్టుకుంటుంది. అమరావతి శిల్పుల భంగిమా, గ్రీకుల టోపీ రెక్కా ఒకేచోట కలిసినట్టుంటుందా విగ్రహం.

బ్రిటిష్ సైన్యపు సిగ్నల్స్ విభాగం చిహ్నానికి మూలం ఆ విగ్రహమే. భారత సైన్యంలో సందేశాల బాధ్యత చూసే కోర్ ఆఫ్ సిగ్నల్స్ 1911 ఫిబ్రవరి 15న మొదలైంది. దాని చిహ్నంలోనూ మెర్క్యురీయే పరుగెత్తుతాడు. ముద్దుపేరు జిమ్మీ, నినాదం ‘తీవ్ర చౌకస్’. జెండాలు ఊపి కబురు పంపిన రోజులనుంచి ఉపగ్రహాల దాకా వచ్చినా ఆ విభాగం రెక్కల టోపీని వదల్లేదు. అమెరికాలో 1916 నుంచి 1945 వరకు ముద్రించిన పది సెంట్ల నాణెం మీద ఉన్నది రెక్కల కుళ్లాయి పెట్టుకున్న స్వేచ్ఛాదేవి. జనం రెక్కలు చూసి దాన్ని మెర్క్యురీ డైమ్ అనేశారు, ఆ పేరే నిలిచింది.

డాక్టర్ల స్టిక్కర్ దగ్గరే తేడా వచ్చింది. గ్రీకుల వైద్యదేవుడు అస్క్లెపియస్ చేతి కర్రకు ఒక్కటే పాము, రెక్కలు ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పతాకం మీద ఉన్నది అదే. రెండు పాములు, రెక్కలు ఉన్న కర్ర హెర్మీస్‌ది. 1902లో అమెరికా సైనిక వైద్య విభాగం దాన్ని తన గుర్తుగా తీసుకున్నాక ఆ పొరపాటు ఊళ్లూ దేశాలూ దాటింది. హెర్మీస్ పనుల్లో చనిపోయినవారి ఆత్మలను పాతాళానికి దిగబెట్టడం కూడా ఒకటి. ప్రాణం నిలబెట్టే వృత్తికి ఒంటి పాము కర్రే న్యాయం. కొత్త స్టిక్కర్ కొనుక్కునే డాక్టర్లు ఒకసారి పాములు లెక్కపెట్టుకుంటే బాగుంటుంది.

టోపీకీ మెర్క్యురీకీ ఇంకో ముడి కూడా పడింది, అది విషాదం. గది ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండే ఒకే ఒక్క లోహం పాదరసం. చేతికి చిక్కకుండా పరుగులు తీస్తుందని రసవాదులు దానికి మెర్క్యురీ పేరు పెట్టుకున్నారు. కుందేలు బొచ్చుకు ఉన్నికి ఉన్నంత పట్టు ఉండదు, సులభంగా ఫెల్ట్ కాదు. టోపీల తయారీదారులు దాన్ని పాదరసపు నైట్రేట్ ద్రావణంతో తడిపేవారు. వెంట్రుక గరుకెక్కి చప్పున అతుక్కునేది. ఆరబెట్టేటప్పుడు, ఆవిరి పట్టేటప్పుడు లేచే పాదరసపు ఆవిరి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోయేది. చేతులు వణికేవి, మాట తడబడేది, మనిషి చీటికిమాటికి కోపం తెచ్చుకునేవాడు, జనాన్ని చూస్తే ముడుచుకుపోయేవాడు. అమెరికాలో టోపీలకు పేరుమోసిన డాన్‌బరీ ఊళ్లో ఈ జబ్బును డాన్‌బరీ వణుకు అనేవారు. అక్కడ ఆ ద్రావణం వాడకం 1941లో గానీ ఆగలేదు. రసాయనాలను పరిశోధించే ఐఐసీటీ, ఒంట్లోకి పోయేది ఏం చేస్తుందో చూసే జాతీయ పోషకాహార సంస్థ రెండూ ఉన్న తార్నాకలో ఈ కథ మరీ తెలుసుకోవలసింది. ఒక వృత్తి జబ్బుకు కారణం తెలిసిన తర్వాత కూడా దాన్ని ఆపడానికి తరాలు పట్టింది.

ఇక ఆకాశంలోని మెర్క్యురీ మన బుధుడు. సూర్యుడి చుట్టూ 88 రోజుల్లో తిరిగొస్తాడు, సెకనుకు సగటున 47 కిలోమీటర్ల వేగం. దూత పేరు ఊరికే రాలేదు. సూర్యుడికి 28 డిగ్రీలకు మించి ఎడంగా ఎప్పుడూ కనిపించడు, కనుక పొద్దుగూకిన కాసేపో, పొద్దు పొడవకముందు కాసేపో వెతుక్కోవాలి. రోమన్లు వారంలో మెర్క్యురీకి ఇచ్చిన రోజూ, మన బుధవారమూ ఒకటే. నిజామియా అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా అధీనంలోకి వచ్చినప్పటికి ఆ గ్రహం ముఖం ఎలా ఉంటుందో భూమ్మీద ఎవరూ స్పష్టంగా చూడలేదు. మారినర్ 10 వ్యోమనౌక 1974, 75ల్లో మొదటిసారి దగ్గరినుంచి ఫొటోలు తీసింది. అక్కడి బిలాలకు ప్రపంచ కళాకారుల, రచయితల పేర్లు పెట్టాలని నిర్ణయించారు. వాటిలో దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున్న ఒక బిలం పేరు త్యాగరాజ. 2011 నుంచి నాలుగేళ్లు బుధుడి చుట్టూ తిరిగిన మెసెంజర్ వ్యోమనౌక ఆ బిలం అడుగున తళతళలాడే లోతు తక్కువ గుంటలను కనిపెట్టింది. నేలలోని ఆవిరయ్యే పదార్థం ఎగిరిపోవడం వల్ల అవి ఏర్పడ్డాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.