వోల్టేజి, విద్యుత్ ప్రవాహముల నుండి నిరోధము, సామర్థ్యముల గణన

ఒక విద్యుత్ సాధనము రెండు కొనల మధ్య గల వోల్టేజిని, దాని గుండా పోయే విద్యుత్ ప్రవాహమును కొలిస్తే, ఆ సాధనము యొక్క నిరోధమును, అది వినియోగించే సామర్థ్యమును లెక్కకట్టవచ్చు. వోల్టేజిని ప్రవాహముతో భాగిస్తే నిరోధము ఓమ్‌లలోను, గుణిస్తే సామర్థ్యము వాట్‌లలోను వస్తాయి. మొదటి సూత్రమునకు ఆధారము జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన నియమము.

ఉదాహరణ

230 వోల్టుల వద్ద పనిచేసే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్ల ప్రవాహము తీసుకుంటుంది. 230ని 4.35తో భాగిస్తే దాని నిరోధము సుమారు 53 ఓమ్‌లు. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు తీసుకునేది 0.26 ఆంపియర్లే, దాని నిరోధము సుమారు 880 ఓమ్‌లు. ఎక్కువ వాట్లంటే ఎక్కువ నిరోధమని విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు. ఒకే వోల్టేజి వద్ద పనిచేసే సాధనములలో జరిగేది దీనికి విరుద్ధము. బల్బు చల్లగా ఉన్నపుడు మీటరుతో కొలిస్తే ఇందులో పదోవంతు కూడా కనబడకపోవచ్చు. టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధము పెరుగుతుంది.

తక్కువ వోల్టేజి

ట్రాన్స్‌ఫార్మరుకు దూరముగా, లైను చివర ఉన్న ఇంటికి 190 వోల్టులే అందుతున్నాయనుకుందాం. అదే ఇస్త్రీపెట్టె అపుడు 3.6 ఆంపియర్లు మాత్రమే తీసుకుని సుమారు 680 వాట్లే ఇస్తుంది. వోల్టేజి తగ్గినది 17 శాతము, సామర్థ్యము తగ్గినది 32 శాతము. నిరోధము మారనపుడు సామర్థ్యము వోల్టేజి వర్గమునకు అనుపాతములో ఉండడమే ఇందుకు కారణము. తగ్గిన 40 వోల్టులు దారిలోని తీగలలో ఖర్చయినవే. 2 ఓమ్‌ల నిరోధము గల తీగలలో 20 ఆంపియర్లు ప్రవహిస్తే 40 వోల్టులు పడిపోయి, 800 వాట్లు వేడిగా పోతాయి. ఇంటి మీటరు దాటిన తరువాత తీగలలో, వదులు జాయింట్లలో జరిగే నష్టము మాత్రము ఆ ఇంటి బిల్లులోనే పడుతుంది.

మోటార్లు

బాపట్ల జిల్లా రేపల్లె, నిజాంపట్నం ప్రాంతములలోని రొయ్యల చెరువులలో నీటికి ప్రాణవాయువు అందించడానికి ఏరేటర్లు వాడతారు. రాత్రివేళ అవి ఆగిపోతే రొయ్యలు చనిపోయే ప్రమాదమున్నది. వాటిని తిప్పే మోటారు ఇస్త్రీపెట్టె వలె ప్రవర్తించదు. మోయవలసిన బరువు తగ్గదు కనుక, వోల్టేజి పడిపోయినపుడు అది మరింత ప్రవాహమును లాగుతుంది. ప్రవాహము 20 శాతము పెరిగితే వైండింగులోని వేడి 1.2 × 1.2, అనగా 1.44 రెట్లవుతుంది. లో వోల్టేజిలో మోటార్లు కాలిపోవడానికి ముఖ్య కారణమిదే. ఓవర్‌లోడ్ రిలేను సరిగా అమర్చుకుంటే వైండింగు కాలకముందే సరఫరా తెగిపోతుంది.

మోటారు విషయములో పై సూత్రములను యథాతథముగా వాడరాదు. సింగిల్ ఫేజ్ మోటారు 230 వోల్టుల వద్ద 8 ఆంపియర్లు తీసుకుంటే లబ్ధము 1840. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే అసలు సామర్థ్యము 1472 వాట్లే. భాగించగా వచ్చేది కూడా నిరోధము కాదు, అవరోధము.

రైలు మార్గము

తెనాలి, బాపట్లల మీదుగా పోయే విజయవాడ - గూడూరు మార్గములో ఇంజన్లకు 25,000 వోల్టుల విద్యుత్తు అందిస్తారు. 40 లక్షల వాట్లు కావలసిన ఇంజనుకు, పవర్ ఫ్యాక్టరును పక్కన పెడితే, ఈ వోల్టేజి వద్ద 160 ఆంపియర్లు చాలు. ఇంటి వోల్టేజితోనే నడపాలంటే 17,000 ఆంపియర్లకు పైగా కావాలి. అపుడు అదే తీగలో పుట్టే వేడి దాదాపు 11,800 రెట్లు.