అరకులో అద్దె యిల్లు

కార్తికమాసము దాటి చలిగాలి సోకినంతనే మన యిండ్లలో అరకు ప్రసక్తి వచ్చును. "హోటలు వలదు, ఇల్లొకటి అద్దెకు తీసికొని మన వంట మనమే చేసికొందము" అని ఇల్లాలే మొదట పలుకును. విశ్రాంతికై పోవుచు గూడ పొయ్యిని విడువలేని వారము గదా! క్రిందటి మార్గశిరమున మేము నలుగురు స్త్రీలము, ఇద్దఱు పిల్లలను వెంటబెట్టుకొని, అట్లే బయలుదేఱితిమి.

విశాఖపట్టణమునుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాటురోడ్డున కారులో పోవచ్చును గాని రైలుప్రయాణమే రమ్యమైనది. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపుటకై 1960 తరువాతి సంవత్సరములలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గమిది. శృంగవరపుకోట దాటినది మొదలు బండి కొండనెక్కుచు, సొరంగములలో దూఱి వెలువడుచుండును. సొరంగములు 58 అని చెప్పగా పిల్లలు లెక్క మొదలుపెట్టి, ఇరువది దాటకముందే నిద్రపోయిరి. శిమిలిగూడ యొద్ద సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తు చేరుదుము. ఆ ఋతువున కొండవాలులు వలిసెపూలతో పసుపు ఆరబోసినట్లుండును.

అచ్చట బసకు కొదువ లేదు. పర్యాటకశాఖవారి అతిథిగృహములున్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై వెలసిన పద్మాపురము తోటలో చెట్లపై కట్టిన కుటీరములు గూడ గలవు. మేము మాత్రము ఫోనుమీద ఒక ప్రత్యేక గృహమును కుదుర్చుకొంటిమి. క్రొత్త సున్నము, వేడినీటి గీజరు, మెత్తని పరుపులు, ఏ లోటును లేదు. ఉదయమున ఊడ్చుటకు వచ్చిన గిరిజన స్త్రీని మాటవరుసకు "ఈ యిల్లు ఎవరిదమ్మా?" అని యడిగితిమి. "కాగితం మీద మా మావదేనమ్మా. తాళాలు మాత్రం ఆ బాబు దగ్గరుంటాయి" అని చెప్పి ఆమె తన పనిలో మునిగినది. బాబు పట్టణవాసి. ఆమెకు ముట్టునది ఊడ్చిన దినములకు కూలి.

ఆ మాట బోధపడుటకు అచ్చటి భూమిచట్టమును గూర్చి కొంత తెలియవలెను. అరకు షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో కట్టుదిట్టము చేసిరి. దానినే జనులు 1/70 చట్టమందురు. ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనేతరులకు అమ్ముటగాని, దానమిచ్చుటగాని, కౌలుకిచ్చుటగాని దానిప్రకారము చెల్లదు. గిరిజనేతరుడు మఱియొక గిరిజనేతరునకు అమ్మినను చెల్లదు. 1997లో సమత యను సంస్థ వేసిన వ్యాజ్యమున, ప్రభుత్వము సైతము అచ్చటి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకీయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావుననే కొందఱు గిరిజనుని పేరు కాగితముమీద నుంచి, సొమ్ము తాము పెట్టి, రాబడి తాము గైకొనుచున్నారు. 2025 ఆరంభమున పర్యాటకము పేర ఈ చట్టమును సడలింపవలెనను మాట పుట్టినప్పుడు ఏజెన్సీలో బంద్ జరిగినది. చట్టమును మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటింపవలసి వచ్చెను. ఈ తగవు మనకేల యని కొందఱు సోదరీమణు లనవచ్చును. అద్దె చెల్లించు చేయి మనదే గదా.

ఇటలీదేశమున మోలీసే యను చిన్న మండలము గలదు. అట్టి మండలము లేనేలేదని ఆ దేశస్థులే హాస్యమాడుదురు, అంత మాఱుమూల. అట్టి పల్లెసీమలలోని బసలకై 1985లో ఆ దేశమున ఒక చట్టము వచ్చినది. వ్యవసాయము చేయు కుటుంబమే తన యింట అతిథులకు బస యీయవచ్చును. పొలముపని ముఖ్యముగను, అతిథులవలన వచ్చునది దానికి తోడుగను ఉండవలెను. ఆ నియమము మాకు మిక్కిలి నచ్చినది.

మూడవనాడు మేము బస మార్చితిమి. పరిచయమున్న ఉపాధ్యాయిని యొకతె ఒక గిరిజన కుటుంబముతో మాటలాడి పెట్టినది. రెండు గదులు, పెంకుల కప్పు, పేడతో అలికిన నేల. స్నానమునకు పెరటిలో కాచిన నీరు. మాలో నొకరికి మరుగుదొడ్డి దూరమని కోపము వచ్చినది, దాచుట యెందుకు? రాత్రి భోజనము ఎంతకును రాలేదు. ఇల్లాలు చీకటిపడిన పిదప గంపతో వచ్చునప్పటికి గాని కారణము తెలియలేదు. మనకు సెలవులు వచ్చునదియు, కాఫీపండ్లు ఎఱ్ఱబాఱి కోతకు వచ్చునదియు ఒకటే కాలము! ఉదయమునుండి సిల్వరు ఓకు చెట్ల నీడలో పండ్లు కోసి, అప్పుడామె మా కొఱకు పొయ్యి రాజేసెను. పారిస్ నగరమున 2017లో అరకు కాఫీకి ప్రత్యేకముగ అంగడి వెలసినది. 2019లో ఆ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కీర్తికి మూలమైన చేతులే మాకు చోడి అంబలి పోసినవి. మఱునాటి సాయంకాలము కూరలు మేమే తఱిగితిమి. మొదట ఆమె సిగ్గుపడినది. పిదప మా తఱుగుడు చూచి నవ్వినది.

పోదలచినవారు దుప్పట్లు, ఉన్నిబట్టలు, దోమతెర తీసికొనిపోవలెను. ఏజెన్సీ మలేరియాకు పేరుపడిన చోటు. ఎందఱు తినుదురో, ఏవేళకో ముందే చెప్పవలెను. ధింసా ఆడుమని ఇంటివారిని తొందరపెట్టరాదు; పనిచేసి అలసినవారు మన ముచ్చటకై ఆడుదురా? బస కుదుర్చుకొనునప్పుడే ఆ యింట ఎవరు నివసింతురో, పైకము ఎవరికి చేరునో అడుగుట మంచిది. జవాబు తడబడినచో వేఱొక యిల్లు చూచుకొనవచ్చును.

వచ్చునప్పుడు పైకము ఆమె చేతిలోనే ఉంచితిమి. ఆమె రెండుమార్లు లెక్కించి, పెనిమిటికి చూపి, తన రేకుపెట్టెలో పెట్టి తాళము వేసెను. మరల సంక్రాంతికి రావలెనని యున్నదనగా తల యడ్డముగ నూపినది. "అప్పుడొద్దమ్మా, కోతలుంటాయి. కాఫీ పూసినప్పుడు రండి. కొండంతా తెల్లగా ఉంటాది, నాకూ తీరికుంటాది." వేసవి తొలిజల్లు పడినంతనే ఫోను చేయుదునని పిల్లలకు మాట యిచ్చెను.