ముక్కకు గుర్తుండదు

పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. ఆదివారం మధ్యాహ్నం ఒక చాప, రెండు పేకలు, ఆరుగురం. పందెం చింతగింజలు. మొదట్లో చింతగింజలు కావు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఒక ఆదివారం కింది ఫ్లాటు తమ్ముడికి వరసగా ఎనిమిది ఆటలు పోయాయి. తొమ్మిదోది పంచుతుంటే మోకాళ్ల మీదికి లేచాడు. "ఎనిమిది పోయినయ్ అన్నా. ఇగ ఇది రాక ఏడికి పోతది?" అన్నాడు. ఏడికి పోయిందంటే, నా పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరు సార్ దగ్గరికి పోయింది. నాలుగో ముక్కకే షో కొట్టేశారు.

సెల్లార్‌లో రమ్మీ ఆడేవాళ్లకైనా, అర్ధరాత్రి ఫోన్‌లో పోకర్ ఆడినవాళ్లకైనా వరసగా పోతున్నప్పుడు బుర్రలో పుట్టే మాటలు దాదాపు ఇవే. ఒక్కొక్కటీ ఎంత సహజంగా వినిపిస్తుందంటే, అబద్ధమని తెలిసిన నాకు కూడా ఆట మధ్యలో నిజమే అనిపిస్తుంది.

అపోహ: ఇన్ని పోయాక ఇక వచ్చి తీరాలి.

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. ఇన్నేళ్లు ఆలస్యమైంది కాబట్టి రేపు పొద్దుటికల్లా అయిపోతుందని ఆ దుమ్ములో బండి నడిపే మాలో ఎవరూ అనుకోలేదు. పేక చేతికొచ్చాక మాత్రం సరిగ్గా ఆ లెక్కే వేస్తాం.

1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో ఒక రౌలెట్ చక్రం మీద నలుపు వరసగా 26 సార్లు పడింది. సగం దాటేసరికి చుట్టూ జనం మూగి, ఇక ఎరుపే అని డబ్బు కుమ్మరించారు. చక్రం మాత్రం ప్రతిసారీ కొత్తగానే తిరిగింది. అంతకుముందు ఏం పడిందో దానికి తెలియదు.

అయితే ఈ భ్రమ ఊరికే పుట్టలేదు. ఒకే ఆట లోపల ముక్కకు లెక్క ఉంటుంది. రెండు పేకలు కలిపి ఆడేటప్పుడు ఇస్పేటు ఏడులు రెండే. ఒకటి కింద పడిందంటే నాకు ఇక ఒక్కటే మిగిలింది, దాని కోసం కూర్చోవడం దండగ. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకున్నవాడే మంచి ఆటగాడు. ఆట అయ్యాక పేక కలిపామంటే ఆ లెక్క అక్కడితో చెరిగిపోతుంది. ఆట లోపల పనికొచ్చే తెలివిని ఆటకూ ఆటకూ మధ్య వాడటమే మనం చేసే పొరపాటు. గుర్తు మనకే ఉంటుంది, ముక్కకు ఉండదు.

అపోహ: వరసగా పది పోయాయంటే ఏదో తేడా ఉంది.

తేడా అంటే రకరకాలు. దిష్టి తగిలిందంటారు, పంచేవాడు మోసం చేస్తున్నాడంటారు, నాకు ఆటే రాదంటారు. ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. ఆరుగురూ సమానంగా ఆడతారనుకుంటే ఒక్కో ఆటలో నాకు పోయే అవకాశం ఆరింట ఐదు వంతులు. పదికి పది పోయే అవకాశం 16 శాతం. వారానికి సగటున ఆరు ఆటల చొప్పున ఏడాదికి సుమారు 300 ఆటలు. వాటిలో పది గానీ అంతకుమించి గానీ వరసగా పోవడం సగటున ఎనిమిది సార్లు జరుగుతుందని లెక్క చెబుతుంది. అంటే ఒకటిన్నర నెలకొకటి. మా టీచరు సార్ మా అందరికన్నా మేలు. ఆయన నాలుగింట ఒకటి గెలుస్తారనుకున్నా, ఏడాదిలో నాలుగు సార్లు పదేసి ఆటలు వరసగా పోగొట్టుకోవాల్సిందే.

పోకర్‌లో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు. రెండు ఆసుల కన్నా మంచి చెయ్యి లేదు. అయినా ముక్కలన్నీ తిప్పేసరికి ఐదింట ఒకసారి దాదాపుగా రాజులవాడే గెలుస్తాడు. ఆ ఒక్కసారి ఓడినవాడు తప్పు ఆడలేదు. కానీ రాత్రంతా తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు. వెతికి వెతికి, బాగున్న ఆటను మార్చేసుకుంటాడు.

అపోహ: రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది. తెలివిగా ఆడితే చివరికి పైనే ఉంటాం.

ఈ మాటకు మూలం మన ఊళ్లోనే ఉంది. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడే ముక్కల్ని గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలని, అందుకే ఇందులో ప్రధానమైనది నైపుణ్యమని అన్నారు.

అందులో ఎక్కడా మీరు గెలుస్తారని లేదు. ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం చేసుకుంటే సంగతి వేరని మాత్రం ఉంది. అరవై ఏళ్లుగా మనం మొదటి ముక్క పట్టుకుని రెండోది కింద పడేశాం.

ఆ రెండో ముక్క దగ్గరే అసలు నష్టం. ఆరుగురు తలా 100 వేశారు, మొత్తం 600. నడిపేవాడు పది శాతం తీసుకున్నాడంటే గెలిచినవాడికి వచ్చేది 540. సమానంగా ఆడే ఆరుగురిలో ఒక్కొక్కరికీ సగటున ఆటకు 10 రూపాయలు పోతాయి. 300 ఆటలకు 3,000. ఇందులో దురదృష్టం ఏమీ లేదు, అది టిక్కెట్టు డబ్బు. చాలామంది ఏళ్ల తరబడి "నా టైం బాలేదు" అనుకున్నది నిజానికి ఈ కోతే. పోతున్నది కొద్దికొద్దిగా, ఎప్పుడూ పోతుంటే దాన్ని చెడ్డకాలం అనకూడదు. ఆ ఆట ధర అంతే.

ఇక చట్టం సంగతి. 2017లోనే తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీకి అడ్డుకట్ట వేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కనబెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఇప్పటికీ ఎవరైనా లింకు పంపి ఆడమంటే, గెలిచినా ఆ డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం లేదు.

అపోహ: పోయినచోటే వెతుక్కోవాలి.

మన భాషలో ఇంతకన్నా ఖరీదైన సామెత లేదేమో. ఉంగరం పోతే సరే, పోయినచోటే వెతకాలి. అది అక్కడే పడి ఉంటుంది. పేకాటలో పోయిన డబ్బు అక్కడ ఉండదు, ఎదుటివాడి జేబులో ఉంటుంది. వాడు లేచి ఇంటికి కూడా వెళ్లిపోయి ఉంటాడు.

లోపల బయట ఆటలో పోయిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకప్పుడు మొత్తం వెనక్కొస్తుందని చెప్పేవాళ్లుంటారు. 100తో మొదలుపెట్టండి. ఎనిమిది సార్లు పోయేసరికి 25,500 పోయి ఉంటాయి. తొమ్మిదోసారి 25,600 పెట్టాలి. గెలిస్తే మిగిలే లాభం 100. అంత డబ్బు ఎదురొడ్డి వంద రూపాయల కోసం కూర్చున్న మనిషిని చూసి ఎవరైనా నవ్వుతారు. ఆ కూర్చున్నవాడికి మాత్రం నవ్వు రాదు.

ఎందుకంటే పోయిన వంద, వచ్చిన వంద మనసుకు సమానం కాదు. డేనియల్ కానెమాన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ సంగతి మీద పెద్ద వ్యాసం రాశారు. నష్టం తాలూకు నొప్పి అంతే లాభం తాలూకు సంతోషం కన్నా బాగా ఎక్కువని వాళ్లు చూపించారు. ఇంకో మెలిక కూడా ఉంది. లాభంలో ఉన్నవాడు జాగ్రత్తపడతాడు. నష్టంలో ఉన్నవాడు సమానం కావడం కోసం, మామూలప్పుడు కలలో కూడా ఒప్పుకోని పందేనికి ఒప్పుకుంటాడు. పోకర్ వాళ్లు ఈ స్థితిని టిల్ట్ అంటారు. మనం కసి మీద ఆడుతున్నాడంటాం. నాకు మన మాటే నచ్చుతుంది, ముఖం ఎర్రబడటం కూడా అందులో కనిపిస్తుంది.

ధర్మరాజు సంగతి తెలిసిందే. మొదటి జూదంలో సర్వం పోయింది. ద్రౌపది వరాలు అడిగి భర్తలను విడిపించుకుంది, ధృతరాష్ట్రుడు రాజ్యం కూడా తిరిగిచ్చేశాడు. అంటే లెక్క సున్నాకు వచ్చింది. అక్కడ లేచిపోవాల్సింది. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట ఫలితమే.

అడవిలో బృహదశ్వుడనే ఋషి ఆయనకు నలుడి కథ చెప్పాడు. నలుడు కూడా పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. పోయిన మర్నాడే వెళ్లి మళ్లీ కూర్చోలేదు. ఏళ్ల తర్వాత ఋతుపర్ణుడనే రాజు దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుని, అప్పుడు వెళ్లి గెలిచాడు. కథ చివర బృహదశ్వుడు ధర్మరాజుకూ ఆ విద్య నేర్పాడు. ఆటలు రెండు, మధ్య గడిచిన కాలం ఒకరికి సభ నుంచి వెనక్కి తిరిగేంత, ఇంకొకరికి ఏళ్లు.

మా చింతగింజల సంగతి ఇక్కడ చెప్పాలి. మూడేళ్ల కిందట మేం పది, ఇరవై రూపాయలకే ఆడేవాళ్లం. ఒకరోజు మాలో ఒకాయన "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ పాల డబ్బులు, తర్వాత గ్యాస్ బండ కోసం పెట్టిన డబ్బులు పెట్టేశాడు. సాయంత్రం గ్యాసాయన వచ్చి బెల్లు కొడితే వాళ్లావిడ డబ్బుల డబ్బా తీసి, కిందికి దిగి వచ్చింది. ఒక్క మాట అనలేదు, చాప చివర నిలబడింది. మర్నాడు మా ఆవిడ ఒక సంచీ నిండా చింతగింజలు కడిగి ఆరబోసింది.

అపోహ: డ్రాప్ చేయడం పిరికితనం.

101 పూల్ రమ్మీలో మొదట్లోనే డ్రాప్ చేస్తే, అంటే ఆటలోంచి తప్పుకుంటే, 20 పాయింట్లు, మధ్యలో చేస్తే 40, ఫుల్ కౌంట్ పడితే 80. నాలుగు సార్లు మర్యాదగా తప్పుకున్న ఖర్చు ఒక్కసారి మొండిగా కూర్చున్న ఖర్చుతో సమానం. జోకరు లేదు, ఎక్కడా రెండు ముక్కలు వరసలో లేవు, ఆసు, రాజు, రాణి దండిగా ఉన్నాయి. ఇలాంటి చేతితో పదింట ఒకసారి గెలుస్తారనుకుందాం. ఓడినప్పుడు సగటున 50 పడుతుందనుకుందాం. అప్పుడు కూర్చోవడం ఖరీదు 45, లేవడం ఖరీదు 20. గెలుస్తున్న రోజు ఈ లెక్క అందరూ చూస్తారు. వరసగా పోతున్న రోజు మాత్రం డ్రాప్ అనడానికి నోరు రాదు, ఇంకో ఓటమి ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. నా మటుకు నేను కౌంట్లు పెరిగిన రోజులన్నీ తిరగేసి చూస్తే, చెడ్డ ముక్కల కన్నా వదలని ముక్కలే ఎక్కువ.

అపోహ: సీటు మారితే, పేక మారిస్తే చెయ్యి తిరుగుతుంది.

తిరగదు. కానీ లేచి, నీళ్లు తాగి, సెల్లార్ గేటు దాకా నడిచి రండి. సీటు మారినందువల్ల కాదు, లేచినందువల్ల కొంత మేలు. అలా వెళ్లి తిరిగి రాకపోతే ఇంకా మేలు.

అపోహ: మనసు గట్టి చేసుకుంటే మానేయొచ్చు, డాక్టరు ఎందుకు?

చాలామందికి ఆ అవసరం రాదు. కొందరికి వస్తుంది. ఇంట్లో అబద్ధం చెప్పి ఆడటం, ఈఎంఐ డబ్బులో చెయ్యి పెట్టడం, పాత అప్పు కోసం లోన్ యాప్‌లో కొత్త అప్పు తీయడం, ఆడకపోతే చిరాకు. ఇవన్నీ ఒకచోట చేరితే దాన్ని చెడ్డ అలవాటు అని వదిలేయకూడదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ జూద రుగ్మతను మద్యం, మత్తుపదార్థాల వ్యసనాల వరసలోనే పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా కూడా వ్యసన ప్రవర్తనల కిందే చేర్చింది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. తిట్టరు కూడా.

ఒక పని మాత్రం ఎవరైనా చేయొచ్చు. నేనొక పాత నోట్‌బుక్ పెట్టాను. తారీఖు, ఎన్ని ఆటలు, ఎన్ని పోయాయి, ఎన్ని గంటలకు లేస్తానని అనుకున్నాను, ఎన్ని గంటలకు లేచాను. ఆటల గడులు రెండిట్లో అంకెలు ఎలా పడితే అలా ఉన్నాయి, పేక కలిపినట్టు. చివరి రెండు గడులు మాత్రం కలవాలనే పెట్టాను. గెలిచిన వారాల్లో కలిశాయి. పోయిన వారాల్లో చివరి గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. రాయడానికి కూడా టైం చూసుకోలేదన్నమాట.

మా కింది ఫ్లాటు తమ్ముడు మొన్న అది తిరగేశాడు. "ఇది ఆట లెక్క కాదన్నా, వదిన చూడకముందే దాచు" అన్నాడు.