కప్పుకో ఒత్తు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో మన పిల్లలు ఒకే రోజు తమిళం, తెలుగు, ఇంగ్లీషు రాస్తారు. 2006 తమిళ అభ్యసన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉన్న ఊరి భాష రావడం మంచిదే. కానీ బడిలో తెలుగుకు దొరికే సమయం చాలనప్పుడు, లోటు మొదట ఒత్తుల దగ్గరే బయటపడుతుంది.

కారణం తేలికే. తమిళంలో ‘అమ్మా’ రాయాలంటే చుక్క పెట్టిన మకారం పక్కన మరో మకారం రాస్తే చాలు. తెలుగులో రెండో మకారం రూపు మార్చుకుని కిందికి చేరుతుంది. త, న, మ, య, ర, ల, వ ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వాటిని చూసి చూసి, రాసి రాసి గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఆ ఏడింటిలో ఆరు మన ఇంటి పిలుపుల్లోనే ఉన్నాయి: అత్త, నాన్న, అమ్మ, తాతయ్య, చెల్లి, అవ్వ. మిగిలిన ర ఒత్తుకు ‘శ్రీ’ ఉంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక తెల్ల పింగాణీ కప్పు కేటాయించి, దాని మీద ఆ పిలుపును పిల్లల చేతే రాయిస్తే ఎలా ఉంటుంది? రోజూ ఉదయం కాఫీ పోసేటప్పుడల్లా ఒత్తు కంటబడుతుంది. తప్పు రాస్తే అవ్వే దిద్దుతుంది.

ఎలా రాయాలి?

నునుపైన తెల్ల కప్పును సబ్బుతో కడిగి ఆరబెట్టండి. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవండి. వేలిముద్రల జిడ్డు ఉంటే సిరా పట్టదు. పిల్లలు ముందు కాగితం మీద నాలుగైదు సార్లు రాసి, తర్వాత కప్పు మీద రాయాలి. తప్పు పోతే వెంటనే స్పిరిట్ దూదితో చెరిపి మళ్లీ రాయవచ్చు. చుట్టూ ముగ్గు చుక్కలో, మామిడాకుల తోరణమో గీయడం వాళ్ల ఇష్టం.

పర్మనెంట్ మార్కర్ అని పేరున్నా పింగాణీ మీద అది శాశ్వతం కాదు. పింగాణీ పైపూత గాజు లాంటిది. సిరా లోపలికి ఇంకదు, పైనే ఉంటుంది. పీచుతో నాలుగు సార్లు తోమితే పోతుంది. నిలవాలంటే పింగాణీ కోసమే చేసిన మార్కర్ కొనాలి. రాసిన కప్పును ఒక రోజు ఆరనిచ్చి, చల్లటి ఓవెన్‌లో పెట్టి, అప్పుడు వేడి పెంచాలి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది మార్కర్ మీదే రాసి ఉంటుంది. కొన్ని రకాలకు 150 డిగ్రీలు, 35 నిమిషాలు. ఓవెన్ ఆపాక కప్పు అందులోనే చల్లారాలి. ఇది పెద్దలు చేయాల్సిన పని. గ్యాస్ మంట మీద కాల్చవద్దు, కప్పు పగులుతుంది.

ఈ జాగ్రత్త తప్పదు

కప్పు లోపల, పెదవి తగిలే అంచు దగ్గర రాయకూడదు. అంచు నుంచి రెండు వేళ్ల మేర వదలండి. అన్నం తినే పళ్లెం లోపల అసలే వద్దు. పళ్లేన్ని గోడకు అలంకారంగా పెట్టుకోవచ్చు. రాసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

ఓవెన్ లేకపోతే?

చాలా ఇళ్లలో, బడుల్లో ఓవెన్ ఉండదు. అప్పుడు రోజూ తోమని వస్తువులు ఎంచుకోండి. ఉప్పు జాడీ మీద బయటివైపు ‘ఉప్పు’, చిన్న సీసా మీద ‘బెల్లం’. తరగతి గదిలో పెన్నులు పెట్టుకునే పాత కప్పుల మీద పిల్లల పేర్లు. మామూలు మార్కర్ చాలు. చెరిగిపోతే మళ్లీ రాయించండి. అదీ లాభమే, ఒత్తు మరోసారి చేతికి వస్తుంది.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి రాయించాం. ఆ అక్షరాలు అప్పుడే చెదిరిపోయాయి. ఇప్పుడు వాళ్లంతట వాళ్లే రాసిన ‘అమ్మ’ వంటింటి అరలో నిలబడనివ్వండి.